న్యాయపీఠము – తీర్పు

 

ఈ రజతోత్సవమున మాటలాడుటకు అవకాశమొసగిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. న్యాయవాదవృత్తిలో నుండినవాడను గనుక, న్యాయాధిపతి నియామకమెట్లు జరుగునో, ఆయన తీర్పునెట్లు నిర్ణయించునో విన్నవించుకొందును.

నా కక్షిదారులలో ఒక రైతు ఉండెను. రొక్కమిచ్చి రెండెకరములు కొనెను. కాగితము వ్రాయించుకొనెనే గాని రిజిస్టరు చేయింపలేదు. అమ్మినవాడు మరణించినంతనే వాని కుమారులు దావా వేసిరి. “ఊరంతయు ఎరిగిన సంగతి జడ్జీగారికి తెలియదా?” అని ఆతడు ధైర్యముగా నుండెను. పొలము పోయినది. ఆనాడు కోర్టు మెట్లపై, “నేను అబద్ధమాడితినని దొరగారు తలచిరా, బాబూ?” అని నన్నడిగెను. ఆ ప్రశ్నయే నా నేటి ప్రసంగమునకు మూలము.

మన దేశమున న్యాయాధిపతిని ఓట్లు వేసి ఎన్నుకొనరు. మన పెద్దలు మునసబు కోర్టని పిలిచిన క్రింది సివిలు కోర్టునకు జడ్జి పోటీపరీక్షలో నెగ్గి వచ్చును. ఈ పరీక్షకు వచ్చువారు మూడేండ్లయినను న్యాయవాదులుగా పనిచేసియుండవలెనని 2025 మే 20న సుప్రీముకోర్టు నిర్దేశించినది. హైకోర్టు న్యాయమూర్తి పదవికి పదేండ్ల అనుభవమావశ్యకము. ఆయనను రాష్ట్రపతి నియమించును; పేరును సూచించునది మాత్రము కొలీజియమను పెద్ద న్యాయమూర్తుల మండలి. 1993 నాటి తీర్పుతో ఈ పద్ధతి ఏర్పడినది. దీనికి మారుగా పార్లమెంటు 2014లో ఒక కమిషనును సంకల్పింపగా, 2015 అక్టోబరు 16న సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంచుట తగునా యను విమర్శ నేటికిని కలదు. అది త్రోసివేయదగినది కాదు. అయినను తీర్పు చెప్పువాడు ఓట్లకై ఎవరి గుమ్మమును ఎక్కరాదను మూలసూత్రమును మనము మరువరాదు.

ఇక తీర్పు సంగతి. వాది చెప్పినదియు ప్రతివాది చెప్పినదియు చూచి, పేచీ ఎక్కడనున్నదో ఆ వివాదాంశములను జడ్జి మొదట ఏర్పరచును. పిదప దస్తావేజులు, సాక్షులు, ఎదుటి వకీలు అడ్డుప్రశ్నలు. సివిలు వ్యాజ్యమున ఏ పక్షము అధికముగా నమ్మదగియున్నదో చూతురు. క్రిమినలు కేసున సహేతుకమైన సందేహము మిగిలినచో ముద్దాయిని విడువవలెను. ఊరివారు చెప్పుకొను మాట గాని, జడ్జి తానై ఎరిగిన సంగతి గాని తీర్పునకు ఆధారము కారాదు. ఏలయన, సాక్షిని బోనులో నిలిపి ప్రశ్నింపవచ్చును. జడ్జి మనస్సులోని ఎరుకను ఎవరు ప్రశ్నింపగలరు? తీర్పునకు కారణములు వ్రాయవలెనని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు విధించుచున్నది. కారణము వ్రాతలో నున్నప్పుడే పై కోర్టులో దాని తప్పును చూపగలము.

ఆ రైతుతో నేనిట్లంటిని: “నీవు అబద్ధమాడితివని ఆయన అనలేదు, నాయనా. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు దస్తావేజు ఉండవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. నీపై జాలిగొని ఆ చట్టమును దాటిన జడ్జి, రేపు మరియొకనిపై మోమాటముతోను దాటును. అప్పుడు నీవంటివానికి దిక్కెవరు?” ఆతడు తల యూపెను గాని, ఆతని కన్నీరు ఆగలేదు. ఆ మాట కొనుటకు ముందే ఆతనికి ఎవరైన చెప్పియుండినచో!

ఆ చెప్పుపని గ్రంథాలయముదే. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదమున తీర్పును తెలుగులోను వెలువరించినది. అట్టివి ఇంకను రావలెను. వచ్చినవానిని ఇచ్చట చదివి వినిపింపవలెను. చట్టములను తెలుపు తెలుగు పుస్తకములకు ఒక బీరువా కేటాయింపుడని కార్యవర్గమువారిని వేడుచున్నాను. మీలో ఎవరైన రేపు పొలము కొనబోవుచున్నచో, బయానా ఇచ్చుటకు ముందు ఒక్క సాయంకాలము ఇచ్చటికి వచ్చి ఆ బీరువా తెరువుడు.