కణం లేని రసం పొంగింది

తాటికల్లు ఎందుకు నురగలు కక్కుతుంది? అందులోని ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. అప్పుడు పుట్టే వాయువే ఆ నురగ. మరి ఆ పని చేసేది ఈస్ట్‌లోని ప్రాణమా, పదార్థమా? బతికున్న కణం లేనిదే పులియడం జరగదని శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ నమ్మకం. జీవానికి ఏదో ప్రత్యేక శక్తి ఉందని ఇంకొందరు అనేవారు.

1897లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ ఓ ప్రయోగం ప్రకటించారు. ఈస్ట్‌ను ఇసుకతో కలిపి, కణాలు పగిలేలా నూరారు. పిండి రసం తీశారు. నిలవ ఉండాలని చక్కెర కలిపారు. చూస్తే బుడగలు! గమనించండి: బతికున్న కణం లేదు, పని మాత్రం జరిగింది. ఆ పని రసంలోని ఎంజైములనే పదార్థాలది.

అలాగని జీవం ఉత్త యంత్రమని నేననను. ఆ ఎంజైములను తయారుచేసింది బతికున్న కణమే కదా! అయితే ఆ కణం లోపల జరిగేది రసాయన చర్యేనని ఆ రసం చూపించింది. 1907లో బుక్నర్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.