కాన్సరు సోకిన ఇంట దినదినము కొంత వెలుగు
(కర్లపాలెములో పంచాయతి సభ్యుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రచార శాఖవాడు వచ్చినాడన్నచో మరుగుదొడ్లను గూర్చియో, పొదుపు మొత్తములను గూర్చియో మాటలాడునని మీరు తలంచియుందురు. నేటి విషయము వేరు. కాన్సరుతో కాలము గడుపుచున్న మనుష్యునకు దినదినము కొంత సంతోషము, బ్రతికియున్నందుకు కొంత కృతజ్ఞత ఎట్లు కలుగును, అందులో ఊరివారి పాలు ఎంత అనునది నేడు మనవి చేయదలచితిని. వ్యాధి ఒక ఇంటి గొడవ, దానితో పంచాయతికి పని యేమి అని కొందరికి తోచవచ్చును. పని కలదు.

మన పెద్దలు దీనిని రాచపుండు అనెడివారు. పేరు పలుకుటకైనను జంకెడివారు. ఆ జంకు నేటికిని పూర్తిగా పోలేదు. ఆడపిల్ల పెండ్లికి అడ్డు వచ్చునని తల్లి వ్యాధిని దాచెడి ఇండ్లున్నవి. అంటువ్యాధి యని భ్రమించి రోగికి కంచము, చెంబు వేరుగా పెట్టు ఇండ్లును ఉన్నవి. కాన్సరు ఒకరి ఎంగిలి వలన, స్పర్శ వలన మరియొకరికి అంటునది కాదు. వేరు పెట్టిన కంచము రోగికి వ్యాధికంటె ఎక్కువ బాధ కలిగించును. ఒంటరియైన మనుష్యునకు సంతోషముగా ఉండుమని బోధించుట వ్యర్థము.

దాచకుండుట వలన కలుగు మేలునకు మనమందరము ఎరిగిన నిదర్శన మొకటి కలదు. కృష్ణా జిల్లా రామాపురములో 1924లో రైతు కుటుంబమున జన్మించిన అక్కినేని నాగేశ్వరరావుగారు తమకు కాన్సరు వచ్చిన సంగతిని 2013 అక్టోబరులో పత్రికలవారిని పిలిపించి స్వయముగా వెల్లడించిరి. అప్పటికి వారికి ఎనుబది తొమ్మిదేండ్లు నిండినవి. ఆ దినములలోనే కుమారుడు, మనుమడు కలిసి నటించుచున్న ‘మనం’ చిత్రములో వారును నటించుచుండిరి. దేహము సహకరింపని దశలో సైతము తమ పాత్రకు మాటలు తామే చెప్పవలెనని పట్టుపట్టగా, ఇంటిలోనే అందులకు ఏర్పాటు చేసిరి. 2014 జనవరి 22న వారు కన్నుమూసిరి. చిత్రము మే నెలలో విడుదలయ్యెను. ధైర్యము వారి వ్యాధిని మాన్పలేదు. కాని మిగిలిన మూడు నెలలు వారు రోగిగా మాత్రమే గాక నటుడుగా, తండ్రిగా, తాతగా బ్రతికిరి. నేను గమనింపగోరునది ఇదియే. అంతటివారికి స్టూడియో ఇంటికి నడచివచ్చినది, మన ఊరి రైతునకు ఎవరు వచ్చెదరని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి జవాబు మీరే.

వ్యాధి వచ్చినంతనే అంతయు ముగిసెననుట నేడు సరికాదు. మన భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనల ఫలితముగా వెలువడిన మెతోట్రెక్సేటు అను మందును నేటికిని కొన్ని కాన్సర్లకు వాడుచున్నారు. ముందుగా కనుగొన్నచో నయమగు కాన్సర్లు పెక్కు. నయము కానివారును చికిత్సతో ఏండ్ల తరబడి జీవించుట కలదు. ఆ ఏండ్లు ఎట్లు గడచుననునదే మన విచారము.

ఈ తీర ప్రాంతమున చికిత్స పొందుచున్న ఒక వృద్ధ రైతుతో నేను మాటలాడితిని. మందుల వలన నాలుకకు రుచి పోయి, ఏది తినినను మన్ను తినినట్లుండెడిదట. ఒకనాడు గోంగూర పచ్చడి ముద్ద పులుపు తెలిసినది. “ఆ పూట పండుగే బాబూ” అని ఆయన నవ్వెను. అప్పటినుండి రాత్రి పరుండుటకు ముందు ఆ దినమున బాగుగా జరిగినది ఒక్కటి భార్యతో చెప్పుట అలవాటు చేసికొనెనట. సాయంకాలపు సముద్రపు గాలి, దూడ పాలు తాగుట, మనుమరాలు పత్రిక చదివి వినిపించుట, ఇట్టివే. చెప్పుటకు ఏమియు లేని దినములును ఉండెడివట. అట్టి రాత్రి భార్య ఆయనను నిర్బంధింపలేదు. ఆ ఇల్లాలి తెలివి నాకు ముచ్చట గొలిపినది.

ఏలయనగా మనలో కొందరు పరామర్శకు పోయి, “ధైర్యముగా ఉన్నచో తగ్గిపోవును” అందురు. వ్యాధి ముదిరినచో, తన ధైర్యము చాలనందుననే ముదిరినదని రోగి కుమిలిపోవును. సంతోషము మందు కాదు, కృతజ్ఞత రోగి చెల్లింపవలసిన పన్నును కాదు. ఏడ్వదలచినవానిని ఏడ్వనిండు.

మరియొక ముఖ్య విషయము నొప్పి. నొప్పితో మెలికలు తిరుగువానికి సముద్రపు గాలి యేమి, మనుమరాలి మాట యేమి? ముదిరిన కాన్సరు నొప్పికి నోటిద్వారా ఇచ్చు మార్ఫిను మంచి మందు, ఖరీదైనదియు కాదు. నల్లమందు సంబంధమైనదగుటచే చాలకాలము కఠిన నిబంధనల వలన దొరకుట దుర్లభముగా ఉండెడిది. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి ఆ నిబంధనలను సులభతరము చేసినది. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికై వాడినచో వ్యసనమగునన్న భయము పెట్టుకొననక్కరలేదు. నొప్పిని ఓర్చుకొనుటయే గొప్ప యని రోగికి చెప్పకుడు.

కేరళలో 1993లో కోజికోడులో కొందరు వైద్యులు నొప్పి నివారణకై ఒక సంఘమును నెలకొల్పిరి. తరువాత ఆ పని ఆసుపత్రి గోడలు దాటి, ముఖ్యముగా మలప్పురము జిల్లాలో, గ్రామస్థుల చేతులలోనికి వచ్చినది. సామాన్యులు శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలు ప్రోగుచేసి, నర్సుతో కలిసి రోగుల ఇండ్లకు పోవుచుండిరి. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దానిని తన విధానముగా ప్రకటించినది. అటుపిమ్మట అచ్చటి పంచాయతులు ఈ గృహసేవను తమ పనులలో చేర్చుకొనినవి. వారికి ధనముకంటె ముందు సమకూడినది ఇరుగుపొరుగువారి తీరిక. అది కర్లపాలెములోను, పేరలిలోను, యాజలిలోను కొరవడలేదని నా నమ్మకము.

చికిత్సకు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో కాన్సరు విభాగము కలదు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, ఇప్పుడు డాక్టరు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడచుచున్న పథకము అర్హతగల కుటుంబములకు కాన్సరు చికిత్స వ్యయమును భరించుచున్నది. కాగితములు చూచి తోడ్పడు చదువరి ఒకడు ప్రతి వార్డులోను ఉండును, అతనిని ఈ పనికి పురికొల్పుడు. ఆసుపత్రికి పోవు దినమున తోడుపోవుటకు ఒకరు, ఇంటియొద్ద పశువులను చూచుటకు ఒకరు ఉన్నచో ఆ కుటుంబమునకు సగము భారము తీరును. రోగి శక్తి యున్నంతవరకు మునుపటివలెనే రచ్చబండకు పిలువుడు, పెండ్లి శుభలేఖ ఇండు, కాలువ నీటి తగవులో ఆయన మాట అడుగుడు.

ఇంటి పేర్లు గ్రామసభలో చదువరాదు. ఆరోగ్య కార్యకర్త ద్వారా ముందుగా రోగి సమ్మతి పొంది, ఎవరు ఎప్పుడు పోవలెనో మీలో మీరు ఏర్పాటు చేసికొనుడు. సాయంకాలము పోవుట మేలు. అరగంటకు మించి కూర్చుండకుడు. కీమో మందు ఎక్కించిన తరువాత కొన్నాళ్లు రోగికి అలసట మెండు, ఇతర వ్యాధులను తట్టుకొను శక్తి తక్కువ. కనుక జలుబు, జ్వరము ఉన్నవారు అప్పుడు పోక, తమ వంతును మరియొకరికి అప్పగింపవలెను.