యుద్ధం చూడని కాందిశీకులు

(దళిత యువజనుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నెల్లూరు నుంచి మద్రాసు రైలెక్కినోళ్లు మీలో చాలామందే ఉంటారు. సూళ్లూరుపేట, తడ దాటాక గుమ్మిడిపూండి వస్తుంది. అక్కడ సిలోన్ తమిళ కాందిశీకుల క్యాంపు ఉంది. 1983 జూలైలో శ్రీలంకలో తమిళుల ఇళ్లు తగలబెట్టి చంపినప్పటి నుంచీ పడవలెక్కి వచ్చిన జనం. తమిళనాడులో ఇలాంటి క్యాంపులు వందకు పైనే. 2021 లెక్కన వాటిల్లో సుమారు 58 వేల మంది.

అక్కడి పడుచు పిల్లలకు దిగులు, నిద్రపట్టదు, తాగుడు, చచ్చిపోదామనే ఆలోచన అంటే మనం వెంటనే 'పాపం, యుద్ధం చూశారు గదా' అంటాం. పెద్దోళ్ల సంగతిలో అది నిజమే. కానీ ఇవాళ ఇరవై ఏళ్లున్న పిల్లోడు యుద్ధం ఎక్కడ చూశాడు? క్యాంపులోనే పుట్టాడు, పక్క బళ్లోనే చదివాడు, సముద్రం దాటనే లేదు. మరి వాణ్ణి కుంగదీసేదేంది?

క్యాంపులో రోల్‌కాల్ ఉంటుంది. అధికారి వచ్చిన రోజు పేరు పిలిస్తే పలకాలి. 2016 మార్చిలో మధురై దగ్గర ఉచ్చపట్టి క్యాంపులో ఒక తండ్రి, నా కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడయ్యా అని చెప్పుకున్నా హాజరు వెయ్యలేదని, అవమానించారని, ఆయన అక్కడే ప్రాణం తీసుకున్నాడని పత్రికలు రాశాయి. ఆ కొడుకు మనసుకు ఏ మాత్ర ఇస్తాం? మందు వద్దనడం లేదు. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఎవరైనా మాట్లాడొచ్చు, మన పిల్లలకూ చెప్పండి. కానీ రోల్‌కాల్ జబ్బు కాదు గదా.

ఇక చదువు. తమిళనాడు సర్కారు చదువుకోనిచ్చింది, 2021లో 7 వేలకు పైగా ఇళ్లు కొత్తగా కట్టిస్తామంది. మంచిదే. డిగ్రీ అయ్యాక? పట్టా పెట్టెలో పెట్టి, బ్రష్షు పట్టుకొని పెయింటింగ్ కూలికి పోవడమే. మన పిల్లోడు ఉద్యోగం రాలేదని ఏడుస్తాడు, రిజర్వేషన్ కోసం కొట్లాడతాడు. సర్కారు ఉద్యోగానికి వాడికి దరఖాస్తు పెట్టే హక్కే లేదు. అన్న గతి చూసిన తమ్ముడు పుస్తకం మూసేస్తాడు. సంబంధాలు చూసేటప్పుడు క్యాంపు పిల్ల అనగానే అవతలోళ్లు లేచిపోతారు. వాడ పిల్లలకిది కొత్తగా చెప్పాలా?

ఇంకో మాట. వీళ్లలో తేయాకు తోటలోళ్లు కూడా ఉన్నారు. తాత ముత్తాతల్ని తెల్లోడు తమిళ పల్లెల నుంచే తోలుకుపోయాడు. చాలామంది అంటరాని కులాలోళ్లు. 1948లో సిలోన్ చట్టం మీరు ఇండియావోళ్లని వాళ్లను పౌరసత్వం లేనోళ్లను చేసింది. తిరిగొస్తే ఇక్కడ సిలోనోళ్లన్నారు.

మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒక ఆడబిడ్డ కోర్టుకెక్కింది. 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుడితే పౌరులే. 2022లో మద్రాసు హైకోర్టు పాస్‌పోర్టు ఇమ్మంది, 2024లో ఆమె ఓటేసింది. ఆ తేదీ తర్వాత కాందిశీకులకు పుట్టిన పిల్లలకు ఆ దారి లేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ పేర్లు రాసి శ్రీలంకను వదిలేసింది. 2025 సెప్టెంబరులో కేంద్రం, 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదైనోళ్లకు కాగితాల్లేవని శిక్ష వెయ్యమంది. పౌరసత్వం మాత్రం ఇవ్వలేదు.

ఈ క్యాంపుల్లో పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఇవ్వాలని మన తీర్మానాల్లో చేర్చమని కోరుతున్నాను. నాలుగు వాక్యాలు రాసుకొచ్చాను, చదువుతాను. తప్పులుంటే దిద్దండి.