భువనగిరి బండ నుండి ఎవరెస్టు వరకు

చిల్పూరు గుట్టపై బుగులు వేంకటేశ్వరస్వామిని సేవించి వచ్చిన వారికి గుట్ట యెక్కుట కొత్త గాదు. కాని మెట్లు లేని యేకశిలపై, వ్రేలికొనలు ఆనుటకు చిన్న గంటు మాత్రమే దొరకు చోట, నడుమునకు త్రాడు బిగించి యెక్కుట వేరొక విద్య.

జనగామ నుండి హైదరాబాదునకు పోవు దారిలోని భువనగిరి బండపై ఆ విద్య నభ్యసించిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. పూర్ణ కప్పటికి 14 యేండ్లయినను నిండలేదు! 16 యేండ్ల లోపు వారికి నేపాలు అనుమతి నొసగదు గనుక, వారు టిబెట్టు వైపునున్న ఉత్తర మార్గమును పట్టిరి. అదేమియు సుళువైన దారి కాదు: దాదాపు 8,600 మీటర్ల యెత్తున, 'రెండవ మెట్టు' అను నిట్టనిలువు బండ యొకటి దారి కడ్డముగా నిలిచియుండును. దానికి 1975లో చైనావారు నిచ్చెన బిగించిరి. శిఖరముపై ఊపిరికందు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో మూడవ వంతు మాత్రమే.

అంతకు మునుపు వారిని డార్జిలింగుకును లడఖు చలికిని పంపి తీర్చిదిద్దిరి. అయినను తొలి పాఠము మన బండదే: దేహభారమును కాళ్ళపై మోపవలెను; చేతులతో తన్ను తాను లాగికొనువాడు సగము దారిలోనే డస్సిపోవును.

మీ పిల్లలు కుతూహలపడినచో వారింపకుడు. ఎండ ముదురక మునుపే, నీరు వెంటనిచ్చి, శిక్షకుని చేతి కప్పగించి పంపుడు.