షాకు: ఒక మాట, రెండు అర్థాలు



ఈ రోజు ఒక ఇంగ్లీషు మాట చూద్దాం. షాకు. రెండే అక్షరాలు. పలక మీద రాయండి.

అనుకోని కబురు వింటే "షాకయ్యాను" అంటాం. అంటే గుండె ఝల్లుమంది, నోట మాట రాలేదు అని. కరెంటు తగిలితే "షాకు కొట్టింది" అంటాం. మొదటిది కాసేపటికి తగ్గుతుంది. రెండోది ప్రాణం తీస్తుంది.

1996 నవంబరు 6న తుపానుకు మన కోనసీమలో కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి. అలాంటప్పుడు తెగిన తీగ దగ్గరకు పోకూడదు.

ఇంట్లో ఎవరికైనా షాకు కొడితే చేత్తో పట్టుకోకండి. ముందు మెయిను ఆపండి. కుదరకపోతే ఎండు కర్రతో తీగను నెట్టండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర బోర్డు మీద "ప్రమాదం" అని రాసి ఉంటుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదవండి. పిల్లలకూ చెప్పండి.