అలంకారమును తొలగించి చూడుడు



వాల్మీకి రామాయణము అయోధ్యాకాండ 7వ సర్గలో, రామపట్టాభిషేక వార్త విని కైక సంతోషముతో మంథరకు ఆభరణ మొసగెను. అట్టి మనస్సును మంథర ఎట్లు మరల్చినది? నీవు ఒడిలో దాచుకొన్న పాము దశరథుడని అంతకుముందే యనెను. కౌసల్య యెదుట దాసివలె చేతులు జోడింతువని భయపెట్టెను. ఉపమ కలదు, ప్రమాణము లేదు. రాముడు చేసిన అపరాధ మొక్కటియు ఆమె చూపలేదు.

అలంకారశాస్త్రము చదివిన నేనును మోసపోతిని. ఆస్తి పంపకములనాడు ఒక బంధువు మా అన్నగారిని పుట్టలోని పామనెను. ఆయన చేసిన తప్పేమని నేనడుగలేదు. పదేండ్లు ఆయనతో మాటలాడనైతిని.

కనుక ఎవరి ప్రసంగమునందైనను అలంకారమును ఆనందింపుడు. పిదప దానిని తొలగించి, మిగిలినదేమో చూడుడు. ఏమియు మిగులనిచో తలయూపకుడు.

స్వస్తి.