తెర మీది తిక్కన
(గ్రంథాలయ రజతోత్సవ సాహిత్యసభయందలి ఉపన్యాసపాఠము)



పుస్తకముల పండుగలో చలనచిత్రముల ప్రస్తావన యేమిటని కొందరు పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. గ్రంథాలయమునకు రావలసిన కుర్రవాండ్రను సినిమా కొట్టుకొనిపోయినదను మాట ఈ పందిరిలోనే ఉదయమునుండి రెండుమారులు వినబడినది. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను తీర్పు చెప్పుటకు ముందు రెండవ పక్షపు సాక్షిని విచారించుట న్యాయము. ఆ సాక్షి చలనచిత్రాభిమాని.

అట్టి అభిమాని ఊరికొక్కడైనను ఉండును. రెండవ తరగతితో బడి మాని, కాడి పట్టి, నేటికి డెబ్బదియైదేండ్లు దాటిన మనిషిని తలచుకొనుడు. టూరింగు టాకీసు డేరాలో నేలమీద కూర్చుండి బాల్యమున చూచిన బొమ్మలనే అతడిప్పుడు మనుమని ఫోనులో మరల చూచును. అతనికి ప్రాణమైన చిత్రములు అయిదు: పాతాళభైరవి, మల్లీశ్వరి, మాయాబజారు, లవకుశ, నర్తనశాల. తన పేరు వ్రాయుట తప్ప వేరక్షరము రాదు గనుక గ్రంథాలయపు చందాదారుల పుస్తకములో అతని పేరు లేదు. ఆ అయిదు చిత్రములు ఎందుకు మంచివని అడిగినచో దర్శకత్వమును గురించియో ఛాయాగ్రహణమును గురించియో అతడు ప్రసంగింపడు. గొంతు సవరించుకొని ఒక పద్యమెత్తుకొనును. ఆ పద్యము ఎవరిదో అతనికి తెలియదు. అది తిక్కన సోమయాజిది.

ఈ ఒక్క సంగతి చాలును, విచారణ కొనసాగించుటకు.

మొదట పాతాళభైరవి. 1951లో విజయా వారు నిర్మించిరి. కె. వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. తోటమాలి కొడుకు రాజకుమార్తెను కోరుట, నేపాళ మాంత్రికుడు వానిని బలి యీయబూని తానే బలియగుట అందరును ఎరిగినదే. ఈ కథకు వెనుక మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల గాలి యున్నది. ఆ కథలు పుట్టిన విధము అభిమానులు తెలిసికొనదగినది. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు తోడుకొరకు ఒక గోపబాలకుని వెంటబెట్టుకొనును. త్రోవలో కనబడిన వింతకు కథ చెప్పుదునని మాట యిచ్చి, మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును. ఆ పన్నెండు సంపుటముల మహాకథకు మొదటి శ్రోత పండితుడు కాడు, పసులకాపరి. డేరాలో నేలమీద కూర్చున్నవాడును ఆ పసులకాపరి వంశమువాడే.

అదే యేట మల్లీశ్వరి వచ్చినది. బి. యన్. రెడ్డి దర్శకుడు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మొదటిసారి చిత్రమునకు మాటలు, పాటలు వ్రాసిరి. వర్షపు రాత్రి సత్రములో మల్లి నాట్యము చేయుచుండగా మారువేషముతో శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన అటు వచ్చుదురు. వచ్చినవాడు రాయలని యెరుగని నాగరాజు, మల్లికి పల్లకీ పంపించవలసినదని వేళాకోళమాడును. పల్లకీ నిజముగనే వచ్చును. పిల్ల రాణివాసమునకు పోవును. నోరు జారిన ఒక్క పరిహాసము రెండు బ్రదుకులను చీల్చివేసినది. రాజు దుర్మార్గుడు కాడు, పల్లకీ పంపుట అతని దృష్టిలో దయ. ఆ దయయే శిక్ష యైనది. పై అధికారుల దయను ఎరిగిన గ్రామీణునకు ఈ కథ వేరుగ వ్యాఖ్యానింపనక్కరలేదు. ఇందు పెద్దన మాటలాడు మనిషిగా కనబడినాడు గనుకనే, పెద్దన ఎవరు, ఏమి వ్రాసినాడు అని అభిమాని అడిగెను. మనుచరిత్రము పేరు పొలముగట్టు మీదికి వచ్చిన త్రోవ అది.

ఇచట ఒక మాట. 1953 నాటి దేవదాసును ఈ అభిమాని తన అయిదింటిలో చేర్చడు. నాగేశ్వరరావు నటన, సావిత్రి కన్నీరు, సుబ్బరామన్ బాణీలు గొప్పవని ఒప్పుకొనును. అయితే ఒక్కసారి చూచి మరల చూడలేదు. త్రాగి చచ్చినవాడిని తెరమీద చూచి ఏడ్చుటకు, అట్టివాడిని ఇంటిలో ఎత్తి పరుండబెట్టినవారికి మనసొప్పదని అతని మాట. విమర్శకులు దీనిని విమర్శ కాదందురు గాక, ఈ మాటకు విలువ యున్నది.

ఇక మాయాబజారు. 1957 మార్చి 27న విడుదల యైనది. కె. వి. రెడ్డి, పింగళి వారల జోడి, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము, ఘటోత్కచుడుగా ఎస్. వి. రంగారావు. పాండవుల చుట్టమరికపు కథయై యుండియు పాండవులయిదుగురిలో ఒక్కరిని కూడ తెరమీద చూపకుండుట రచనలోని చమత్కారము. పండితుల ఆక్షేపణ వేరు: వ్యాసభారతములోగాని కవిత్రయ భారతములోగాని శశిరేఖ లేదు, అభిమన్యుడు విరటుని కూతురు ఉత్తరను పెండ్లాడినాడు, ఇది కల్పన. నిజమే. అయితే ఈ కల్పన విజయా వారిది కాదు. సురభివారి నాటకములలోను, 1936 నాటి తొలి చిత్రములోను ఈ శశిరేఖ వెలసియున్నది. జనులు భారతమును విని, చాలక, దానికి ఇంకొక పెండ్లి చేర్చుకొనిరి. మేనమామ కూతురిని అడిగి లేదనిపించుకొన్న ఇండ్లు తెలుగునాట ఎన్ని లేవు! ఆస్తి పోయిన చుట్టము చుట్టము కాకపోవుట ఎవరికి క్రొత్త? ఆ నొప్పిని భారతములో పెట్టి నవ్వుకొన్నారు.

ఘటోత్కచుని ఆశ్రమములో చిన్నమయ శిష్యులకు మాటలు నేర్పు ఘట్టము మరొక వింత. అస్మదీయులు అసమదీయులగుదురు, దుష్టచతుష్టయము దుషటచతుషటయమగును. సంయుక్తాక్షరము నోట తిరుగనివాండ్రు దానిని విడదీసి పలికిరి. ఎవరో ఒకరు పుట్టింపనిదే మాటలెట్లు పుట్టునని ఘటోత్కచుడు వారినే మెచ్చుకొనును. 1858 నాటి బాలవ్యాకరణకర్త చిన్నయసూరి ఆ తీర్పు వినియున్నచో ఏమనియుండునో! అయినను ఆ రెండు మాటలు ఇప్పటికిని ఊరి పంచాయతీలలో వాడుకలో నున్నవి. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. అభిమానికి నలుపు తెలుపే నచ్చినది, అది అతని యిష్టము.

కాని మాయాబజారును గురించి చెప్పవలసిన అసలు సంగతి తెరమీద లేదు, పుస్తకములో నున్నది. ఈ అభిమానికి మూడేండ్లక్రిందట ఒక చందాదారుడు సాయంకాలములందు ద్రోణపర్వము చదివి వినిపించెను. పదుమూడవ దినమున అభిమన్యుడు పద్మవ్యూహము చొచ్చెను. అచట అతని చేతిలో కూలినవారిలో దుర్యోధనుని కుమారుడు లక్ష్మణుడు ఒకడు. రేలంగి వేషములో అద్దము ముందు మురిసి, పెండ్లిపీటలమీద నవ్వులపాలైన లక్ష్మణకుమారుడు ఆ లక్ష్మణుడే. అదే దినమున అభిమన్యుడును పడిపోయెను. మరునాటి రాత్రియుద్ధమున, అర్జునునికై దాచిన శక్తిని కర్ణుడు ఘటోత్కచునిపై వేసెను. చచ్చుచుకూడ అతడు దేహమును పెంచి శత్రుసేనమీద పడి అక్షౌహిణిని నలిపివేసెను. పాండవులు ఏడ్చుచుండ కృష్ణుడు సంతోషించెను, అర్జునునకు ఇక ఆపద తప్పినదని.

మాయాబజారులో పెండ్లివారి విడిదిలో కలియదిరిగిన ముగ్గురు కుర్రవాండ్రును ద్రోణపర్వము దాటలేదు. పెండ్లివిందంతయు ఒక్కడే తినివేసి నవ్వించిన ఘటోత్కచుడు పడినప్పుడు అభిమాని ఆ రాత్రి అన్నము తినలేదు. భారతమును పుస్తకముననే చదివినవారికి ఘటోత్కచుడు యుద్ధములో చచ్చిన రాక్షసులలో నొకడు. మాయాబజారు చూచినవానికి అతడు పిలిచిన పలికెడు చుట్టము. ఎవరు భారతమును బాగుగ విన్నట్లు?

లవకుశను గురించి కొలదిగా చెప్పినను చాలును. 1934లో సి. పుల్లయ్య ఈ కథను తీసిరి. మరల ఆయనయే మొదలిడి, కుమారుడు సి. ఎస్. రావు పూర్తి చేయగా, తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రముగ 1963లో వెలువడినది. బండ్లు కట్టుకొని, చద్దిమూటలతో పిల్లలనెత్తుకొని ఆడువారు పట్టణములకు పోయి చూచిరి. కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును, తిక్కన నిర్వచనోత్తర రామాయణమును తెరచి చూడని ఇండ్లలో, చాకలివాని మాటకు రాముడు సీతను విడుచుట న్యాయమా కాదా అను వాదము నెలలకొలది జరిగినది. ఈ అభిమాని ఇంట అతని తల్లి ఒక పక్షము, అతని నాయనమ్మ ఒక పక్షము. ఆ వాదము తీరనే లేదు.

నర్తనశాలయు ఆ యేడే అక్టోబరులో వచ్చినది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, సముద్రాల రచయిత. కీచకుడుగా రంగారావునకు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటుడను గౌరవము దక్కినది. కథ విరాటపర్వము. ఈ కథ పల్లెలకు క్రొత్తది కాదు. వానలు కురియని యేడు గుడిలో విరాటపర్వము చదివించు ఆచారము తెలుగునాట పూర్వమునుండి కలదు. మబ్బుకై ఆకాశమువైపు చూచుచు, అర్థమగునంత విని, తక్కినది దేవునికి వదలిన జనమది. వారికి తెర మీద ఆ పర్వము కండ్లకు కట్టినది.

అభిమాని ఎత్తుకొను పద్యము ఇందులోనిదే. ఉత్తరగోగ్రహణవేళ బృహన్నల రథముపై నుండి కౌరవవీరులను విరాటుని కొడుకు ఉత్తరునకు చూపు సీసపద్యమది. తిక్కన పద్యమునే తీసికొని ఘంటసాల కంఠమున పలికించిరి. ఆ పద్యపు కట్టడము గమనింపదగినది. సీసమున పాదమునకు ఒక్క వీరుడు: బంగారు వేదిక గుర్తుగా ద్రోణుడు, సింహపు తోక గుర్తుగా అశ్వత్థామ, పసిడి వృషభము గుర్తుగా కృపుడు, శంఖము గుర్తుగా కర్ణుడు. పిదప గీతమున ఇరువురు: మణులు తాపిన పాముపడగతో దుర్యోధనుడు, ఎత్తైన తాటిచెట్టు జెండాతో భీష్ముడు. ప్రతిచోటను జెండా ముందు, మనిషి పేరు పిదప. దూరమునుండి వచ్చు సేనలో మొదట కనబడునది జెండా గదా! గట్టుమీద నిలుచుండి ఎవరి బండి వచ్చుచున్నదో ఎడ్ల కొమ్ములను బట్టి పోల్చుకొనువానికి ఈ క్రమము సహజమైనది. తిక్కన వ్యాకరణముతోపాటు కంటిచూపును కూడ నమ్మినాడు. అక్షరము రానివాడు ఈ పద్యమును కంఠస్థము చేసినాడనిన, అది ఘంటసాల గొప్పయే కాదు, తిక్కన గొప్పయు, విన్నవాని గొప్పయును.

ఆ పద్యములో ద్రోణునకు కలశజుడను పేరు వచ్చును. కలశజుడనిన ఎవరని అభిమాని యేండ్ల తరబడి అడుగలేకపోయెను. అడిగినచో చదువురానివాడని నవ్వుదురని జంకు. ఇది చిన్నసంగతి కాదు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపు దినదినము తెరచియే యున్నది. అట్లయ్యును దాని ముందునుండి పశువులను తోలుకొని పోయినవాడు, తిక్కనను నోట నుంచుకొని, లోపలికి రాలేదు. అతనిని సినిమా కొట్టుకొనిపోలేదు. సినిమా అతనిని మెట్టుదాక తెచ్చి విడిచినది. మెట్టు దాటించు పని సినిమాది కాదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాడు అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు పుస్తకముల లెక్కతో తృప్తిపడలేదు. 1935లో పాతూరి నాగభూషణము కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువలో పడవపై పుస్తకములు పంపిరి. పాఠకుడు రానిచో పుస్తకము పోవలెనని వారి యభిప్రాయము. చదువరాని వారికి చదివి వినిపించుటయు ఆనాటి గ్రంథాలయసేవలో భాగమే. ఎరువిచ్చిన పుస్తకముల సంఖ్య ప్రతి యేడు వార్షిక నివేదికలో అచ్చగుచున్నది. విన్నవారి సంఖ్య వ్రాయుటకు అందు గడియే లేదు.

ఈ గ్రంథాలయమున కవిత్రయ భారతము సంపుటములు అన్నియు కలవు. విరాటపర్వము అట్టలు రెండుమారులు కుట్టించినది. వానకై చదివినవారి చేతిచెమట అంచులపై నున్నది. ద్రోణపర్వమును ఇంటికి కొనిపోయినవాడు ఆ చందాదారుడు ఒక్కడే. వచ్చు శనివారము సాయంకాలము దీపములు వెలిగించు వేళకు వరండాలో ఆ పర్వము చదువుట ఆరంభమగును. అభిమన్యుని కథ మొదటి వారములలో వచ్చును, ఘటోత్కచుని రాత్రి పిదప. మాయాబజారు చూచినవారందరును రావచ్చును. చందా అక్కరలేదు, సంతకము అక్కరలేదు. కలశజుడనిన ఎవరని అడుగవలసినవారు ముందువరుసలో కూర్చుండుడు.